పదహారు పైపులు, ఒక ఎర్ర గుడ్డ

పన్ను పీకించుకుని, రెండు రోజుల సెలవు తర్వాత పనిలోకి వచ్చిన పైపుల డాక్టరుకి గేటు దాటగానే పెయింటు వాసన గుప్పున కొట్టింది. అందులో వింతేమీ లేదు. నాలుగో నంబరు ప్రెస్సుకి రంగులు వేస్తారని అతనికి ముందే తెలుసు. ఆ రెండు రోజులూ అది ఆగే ఉంటుంది కదా అన్న ధైర్యంతోనే సెలవు పెట్టాడు. అయినా ఎందుకో కాళ్ళు వాటంతటవే జోరందుకున్నాయి. బుగ్గ ఇంకా వాచే ఉంది. నాలుక మాటిమాటికీ పన్ను పోయిన ఖాళీలోకి వెళ్ళి తడిమి వస్తోంది. వద్దన్న కొద్దీ వెళుతోంది.

అతను నిజం డాక్టరు కాడని వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీలో ఉన్న తొమ్మిది హైడ్రాలిక్ ప్రెస్సులకీ నూనె మోసే పైపుల మంచిచెడ్డలు చూసే ఫిట్టరు. పైపులంటే మొక్కలకి నీళ్ళు పట్టేవి అనుకునేరు. పైన నల్ల రబ్బరు, దాని కింద ఉక్కు తీగల అల్లిక, లోపల మళ్ళీ రబ్బరు. వాటిలో నూనె పరిగెత్తే ఒత్తిడికే ప్రెస్సు ఇనుప రేకుని కాగితంలా మడిచిపారేస్తుంది. ఆ ఒత్తిడి రేకు మీద పడినంతసేపూ అందరికీ బాగానే ఉంటుంది. పైపు చిరిగి మనిషి మీద పడితే మాత్రం చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు. అందుకే మన డాక్టరు పొద్దున్నే వచ్చి ఒక్కో పైపునీ పలకరిస్తాడు. మెలితిరిగిందా, పక్కదానితో రాసుకుంటోందా, చివర బిగింపు దగ్గర చెమ్మ ఉందా, వంపు మరీ ఇరుగ్గా ఉందా అని వంగి చూస్తాడు, చెవి ఒగ్గి వింటాడు. యంత్రం నడుస్తున్నప్పుడు చెయ్యి మాత్రం పెట్టడు. వెనక జేబులో ఎప్పుడూ ఒక అట్టముక్క ఉంటుంది. కారుతోందని అనుమానం వస్తే ఆ అట్టని పైపు వెంట నడిపిస్తాడు. అట్ట తడిస్తే రోగం ఉన్నట్టు.

చెయ్యి పెట్టకపోవడానికి కారణం ఉంది. అతనికి పని నేర్పిన పెద్దమేస్త్రి ఒకసారి సూదిబెజ్జమంత కారుడు ఎక్కడుందో తెలుసుకుందామని పైపుని అరచేత్తో తడిమాడు. చురుక్కుమందట, అంతే. నెత్తురు కూడా రాలేదు. నవ్వుతూ గుడ్డతో తుడుచుకుని భోజనానికి వెళ్ళాడు. చర్మం కిందికి దూరిన నూనె ఆ సాయంత్రానికల్లా చేతిని మోచేతి దాకా ఉబ్బించింది. వారం తిరిగేసరికి మూడు వేళ్ళు తీసేశారు. మిగిలిన రెండు వేళ్ళతో ఆయన టీ గ్లాసు పట్టుకోవడం డాక్టరు కళ్ళారా చూశాడు. ఇరవై రెండేళ్ళయినా ఆ గ్లాసు వణకడం మరిచిపోలేదు.

ఇంత జాగ్రత్తపరుడికీ ఒక జబ్బు ఉంది. తనకి తెలిసింది ఇంకొకరికి చెప్పడు. ప్రతి ప్రెస్సు పక్కనా స్తంభానికి ఒక పుస్తకం వేలాడుతూ ఉంటుంది. పైపుకొక గడి. పైపు చూడాలి, గడిలో టిక్కు పెట్టాలి. అందరూ టీ తాగుతూ, కబుర్లాడుతూ, పైపుల వంక కన్నెత్తి కూడా చూడకుండా టిక్కులు పెట్టేస్తారని డాక్టరుకి ఆ పుస్తకమంటే ఒళ్ళుమంట. 'అబద్ధాల పుస్తకం' అని దానికి పేరు పెట్టాడు. టిక్కులు తనూ పెడతాడు, అందరికంటే వేగంగా పెడతాడు. అసలు సంగతి మాత్రం గుడ్డపీలికల్లో ఉంటుంది. మార్చాల్సిన పైపు కనిపిస్తే దానికి ఒక ఎర్ర గుడ్డ పీలిక కడతాడు. అది ఎందుకు కట్టాడో ఎవరికీ తెలియదు. నూనె తుడుచుకోవడానికేమో అనుకుంటారు. ఎవరైనా ఉండబట్టలేక అడిగితే మూతి ముడిచి, "అది నా గొడవలే" అంటాడు. అలా అన్నప్పుడల్లా లోపల్లోపల ఒక తృప్తి. తను లేకపోతే ఈ ఫ్యాక్టరీ ఒక్క పూట నడవదన్న తృప్తి. మనిషన్నాక ఏదో ఒకటి ఉండాలి కదా, అతనికి అది ఉంది.

సెలవుకి ముందు రోజు సాయంత్రం నాలుగో నంబరు ప్రెస్సుకి అలాంటి పీలిక ఒకటి కట్టాడు. ఒక పైపు పక్కదానితో రాసుకుని రాసుకుని పై రబ్బరు అరిగిపోయింది. లోపలి తీగ ఒకటి సన్నగా మెరుస్తూ బయటికి కనిపించింది. వెంటనే మార్చాల్సిన పైపే. స్టోర్సులో ఆ సైజు లేదు, రెండు రోజుల్లో వస్తుందన్నారు. ప్రెస్సు ఎలాగూ మర్నాటి నుంచి ఆగుతుంది. పన్ను సలిపేస్తోంది, తల పగిలిపోతోంది. గుడ్డ కట్టాడు. పుస్తకంలో పదహారు గడుల్లోనూ గబగబా పదహారు టిక్కులు కొట్టాడు. ఇంటికి పోయాడు.

ఇప్పుడు వచ్చి నాలుగో నంబరు ముందు నిలబడేసరికి గుండెల్లో రాయి పడింది.

ప్రెస్సు ఆకాశం రంగులో ధగధగలాడిపోతోంది. స్తంభాలు, నూనె ట్యాంకు, దాని మూత, ఆఖరికి బోల్టు తలలు కూడా నీలమే. వాటితో పాటు పైపులూ. కుడి స్తంభం పక్కన ఎనిమిది, ఎడమ స్తంభం పక్కన ఎనిమిది. నల్లగా ఉండాల్సినవి నీలంగా, నున్నగా, ఒకదాన్ని చూసి ఒకటి పుట్టినట్టు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మీద అచ్చువేసి ఉండే తయారీ తేదీలు లేవు. గీతలు లేవు, పగుళ్ళు లేవు. ఎర్ర గుడ్డ లేదు.

"ఎలా ఉంది బావా?" అంటూ యంత్రం వెనక నుంచి పెయింటరు బయటికొచ్చాడు. పెయింటరంటే పరాయివాడు కాదు, డాక్టరు చెల్లెలి భర్త. చెవిలో కూడా నీలం రంగు అంటుకుని ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"పైపులకెందుకు వేశావు బావా?"

"వెయ్యకపోతే? సూటు బూటు వేసుకుని తల దువ్వుకోనట్టు ఉంటుంది. పదకొండింటికి మన సరుకు కొనేవాళ్ళు వస్తున్నారట. ఇన్‌చార్జి సారు అద్దంలా ఉండాలన్నాడు, అద్దంలా చేశాను. అయినా నీ పైపులేంటి బావా, అంత గరుకుగా ఉన్నాయి? కొన్నిటికి పైపొర లేచిపోయింది. అలా వదిలేస్తే నా పనికి విలువేముంటుంది? లప్పం పెట్టాను, ఆరనిచ్చాను, ఎమరీ పేపరుతో రుద్దాను, అప్పుడు కొట్టాను రెండు కోట్లు. చెయ్యి వేసి చూడు, వెన్నలా జారుతుంది."

డాక్టరు పైపుల వంక మళ్ళీ చూశాడు. గోడల పగుళ్ళకి పెట్టే లప్పం! తను రెండు కళ్ళూ చిట్లించి కనిపెట్టిన గాయాన్ని ఈ మహానుభావుడు శ్రద్ధగా పూడ్చి, రుద్ది, రంగు వేసి కూర్చున్నాడు.

"లప్పం ఏ పైపుకి పెట్టావు?"

"ఒకటా రెండా! ఏడెనిమిదింటికి పెట్టి ఉంటాను."

"ఎర్ర గుడ్డ ఒకటి కట్టి ఉండాలి."

"ఉండింది. జిడ్డోడుతూ అసహ్యంగా ఉంటే విప్పి చెత్తలో పారేశాను."

"దేనికి కట్టి ఉంది?"

పెయింటరు తల గోక్కున్నాడు. జుట్టుకి కూడా నీలం అంటింది. "నేను రంగులు చూసుకుంటాను గానీ గుడ్డలు గుర్తుపెట్టుకుంటానా బావా? ఏం, అంత ముఖ్యమైన గుడ్డా?"

అప్పుడే చెప్పేసి ఉంటే అక్కడితో పోయేది. కానీ నోటికి అలవాటైన మాటే ముందు వచ్చేసింది. "అది నా గొడవలే" అన్నాడు డాక్టరు.

అన్నాడే గానీ నిలబడలేకపోయాడు. షెడ్డు చివర చెత్తడబ్బా దగ్గరికి పరిగెత్తాడు. డబ్బా ఖాళీగా, కడిగి బోర్లించి ఉంది. వచ్చేవాళ్ళ కోసం చెత్తడబ్బాలు కూడా తళతళలాడుతున్నాయి. గుడ్డ దొరికినా అది ఏ పైపుదో చెప్పదు కదా అని అప్పటికి తట్టింది. మళ్ళీ పరిగెత్తుకొచ్చి ప్రెస్సు చుట్టూ కాలు కాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. ఒక్కో పైపునీ బొటనవేలితో నొక్కి చూశాడు. లప్పం ఉన్నదీ లేనిదీ అన్నీ ఒకే గట్టి. వంచబోతే రంగు చిట్లుతోంది, చిట్లినచోట కింద లప్పమో రబ్బరో కళ్ళకి ఆనడం లేదు. కత్తితో గీకుదామంటే ఎందుకని అందరూ అడుగుతారు. కుడి వైపుది. అది మాత్రం గుర్తుంది. కుడి వైపు మూడోది. కాదు, నాలుగోదా? పన్ను నొప్పి గుర్తుంది, గుడ్డకి వేసిన ముడి గుర్తుంది, ముడి వేస్తుంటే చేతికి తగిలిన వెచ్చదనం కూడా గుర్తుంది. నంబరు దగ్గరికి వచ్చేసరికి బుర్రలోనూ ఎవరో లప్పం పెట్టి రంగు కొట్టినట్టుంది.

"ఏంటన్నయ్యా, పొద్దున్నే పైపులతో కుస్తీ?"

చెల్లెలు. నాలుగో నంబరు ప్రెస్సు ఆపరేటరు. పదేళ్ళుగా ఆ యంత్రం ముందు నిలబడేది ఆవిడే. రెండు చేతులతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కితే తప్ప ప్రెస్సు దిగదు. అది చేతులు కాపాడే ఏర్పాటు. భుజాలని కాపాడే ఏర్పాటేమీ లేదు. ఎడమ వైపు పైపులు ఆవిడ భుజం పక్క నుంచే పైకి వెళతాయి.

"బుగ్గ చూడు, బూరలా ఉబ్బింది. ఇంకో రోజు పడుకోవాల్సింది."

"ఏం లేదు. పన్ను సలుపుతోంది."

"పీకేశారుగా?"

"పీకినా సలుపుతోంది!"

"సరేలే, నామీద అరవకు. మాత్ర వేసుకున్నావా? వదిన ఇచ్చిందా?" అని చేతులకి తొడుగులు తొడుక్కుంటూ పైపుల వంక చూసింది. "అవునూ, మొన్న సాయంత్రం నువ్విక్కడ..."

"నీ పని నువ్వు చూసుకో, నాకు సవాలక్ష పనులున్నాయి" అని డాక్టరు అటు తిరిగిపోయాడు. నిజానికి అతనికి ఆ క్షణాన ఉన్నది ఒకే ఒక్క పని. అది ఎలా చెయ్యాలో తెలియకే ఆ విసురు. చెల్లెలు, "వీడి కోపం తగలెయ్య" అని మొగుడితో అని నవ్వింది. మొగుడు మూత మీద పడ్డ వేలిముద్ర తుడుచుకుంటున్నాడు.

పదింటికి ఇన్‌చార్జి వచ్చాడు. ఏ మాటైనా టక్కున చెప్పమంటాడు. నిదానంగా చెబితే వినే ఓపిక లేదు.

"డాక్టరు గారూ, నాలుగో నంబరు రెడీయేనా? టక్కున చెప్పండి."

"ఒక పైపు మార్చాలి సార్. కొత్తది వచ్చింది."

"పుస్తకంలో అన్నీ టిక్కులేగా? నేనిప్పుడే చూశాను. మీ చేతివే."

"అంటే... ముందుజాగ్రత్తగా."

"మంచిదే. ఏ పైపు?"

తెలియదు అనాలి. నాలుగక్షరాల మాట. ఇరవై రెండేళ్ళలో ఆ మాట అతని నోటి నుంచి ఈ షెడ్డులో ఎవరూ వినలేదు. డాక్టరే తెలియదంటే ఇక డాక్టరెందుకు? "కుడి వైపు మూడోది" అన్నాడు. ఎప్పటి డాక్టరు గొంతే, తొణకలేదు, బెణకలేదు. చెప్పాక తనకే నమ్మకం కలిగింది.

అరగంట పట్టింది. ఒత్తిడి అంతా దించి, గేజి ముల్లు సున్నా మీద పడుకున్నాక, కుడి వైపు మూడో పైపు విప్పి కొత్తది బిగించాడు. మెలి పడకుండా, పక్కవాటికి తగలకుండా, వంపు విశాలంగా ఉండేలా చూసుకుని మరీ బిగించాడు. చేతులు పని చేస్తున్నంతసేపూ మనసు కాస్త కుదుటపడింది. నీలం పైపుల మధ్య ఆ నల్లదాన్ని చూసి పెయింటరు విలవిల్లాడిపోయాడు.

"అయ్యయ్యో, నవ్వితే ముందు పన్ను లేనట్టుంది బావా! ఐదు నిమిషాలాగు, ఒక్క కోటు..."

"డబ్బా ముట్టుకున్నావంటే చెయ్యి విరుస్తాను."

"పన్ను మాట అన్నానని కోపమా? నీ పన్ను కాదులే."

విప్పిన పైపు తీసుకుని డాక్టరు తన బల్ల దగ్గరికి పోయాడు. జేబుకత్తితో గీకాడు. రంగు లేచింది. కింద తెల్లగా లప్పం. హమ్మయ్య, ఇదే! ఆత్రంగా లప్పం కూడా గీకాడు. కింద ఒక గీత. గోటి గీతంత. రబ్బరు గట్టిగా, నిక్షేపంగా ఉంది. తీగ లేదు. చివరిదాకా గీకాడు, తిప్పి గీకాడు. తేదీ కూడా బయటపడింది. పెట్టి ఏడాది కూడా కాని పైపు. రాయిలాంటి పైపుని విప్పేసి, ఉన్న ఒక్క కొత్త పైపూ దాని స్థానంలో బిగించి వచ్చాడు.

అంటే జబ్బుపైపు ఇంకా యంత్రానికే ఉంది. కుడి వైపుదన్న గుర్తు మీద కూడా ఇక నమ్మకం లేదు.

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. స్టోర్సులో ఆ సైజు ఇంకొకటి లేదు. ఇప్పుడు వెళ్ళి చెప్పాలి. ఏమని? కుడి వైపు మూడోది అన్నది ఉత్తదేనని. పదహారు టిక్కులూ ఉత్తవేనని. ఇన్‌చార్జి ఆ పుస్తకం తెచ్చి అందరి ముందూ మొహాన విప్పి పెడతాడు. టీ తాగుతూ టిక్కులు పెట్టే ప్రతివాడూ వచ్చి చూసి వెళతాడు. అది తలుచుకుంటేనే అరికాలి మంట నెత్తికెక్కింది. పోనీ, పది రేకులు నొక్కి చూపిస్తారు, అంతేగా, అనుకున్నాడు. ఇన్నాళ్ళు ఆగిన పైపు పది దెబ్బలకి ఆగదా? వాళ్ళు వెళ్ళగానే ఏదో వంక పెట్టి ఆపేసి, సాయంత్రం దాకా కూర్చుని పదిహేనింటినీ గీకేస్తే సరి. ఎవరికీ తెలియదు.

ఇలా సర్దిచెప్పుకున్నాక మనిషి కుదురుగా కూర్చోవాలి. కూర్చోలేదు. మంచినీళ్ళు పట్టుకున్నాడు, తాగకుండానే పక్కన పెట్టాడు. అట్టముక్క జేబులో ఉందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాడు. నాలుక ఖాళీలోకి పోతోంది, నెత్తుటి రుచి తెస్తోంది. చెల్లెలి దగ్గరికి వెళ్ళి, "కాస్త కుడికి జరిగి నిలబడరాదూ?" అన్నాడు.

"బటన్లు ఇక్కడుంటే కుడికి జరిగి ఎలా నొక్కను? నా చేతులేమైనా సాగుతాయా?" అని ఆవిడ వింతగా చూసింది. "ఏమైంది నీకు? చెమట చూడు."

"ఉక్కగా లేదూ?"

"లేదు" అంది చెల్లెలు.

పదకొండుకి వచ్చారు. ఐదుగురు, కొత్త పసుపు హెల్మెట్లతో. ఇన్‌చార్జి ముందు నడుస్తున్నాడు. పెయింటరు తడి చేతులు వెనక దాచుకుని గోడవారగా నిలబడ్డాడు. పంపు ఆన్ అయింది. ఆ హోరు డాక్టరుకి రోజూ జోలపాటలా ఉండేది, ఇవాళ చెవుల్లో సీసం పోసినట్టుంది. చెల్లెలు రేకు పెట్టింది, రెండు అరచేతులూ బటన్ల మీద ఆనించింది.

మొదటి దెబ్బ. ప్రెస్సు దిగి లేచింది. రేకు తొట్టిలా వంగి బయటికొచ్చింది. పసుపు హెల్మెట్లు మెచ్చుకోలుగా ఊగాయి. డాక్టరు రేకు చూడలేదు. దెబ్బ పడగానే పదహారు పైపులూ ఒక్కసారి బిగుసుకుని, ఉలిక్కిపడ్డట్టు కదిలి, మళ్ళీ వదులయ్యాయి. అతని కళ్ళు కుడి ఎనిమిదింటి మీదా ఎడమ ఎనిమిదింటి మీదా పరుగులు పెట్టాయి. అన్నీ నీలం, అన్నీ నున్నన.

రెండో దెబ్బ. మూడో దెబ్బ. రేకు తీసి పక్కన పెట్టడానికి చెల్లెలు వంగినప్పుడల్లా ఆవిడ ఎడమ భుజం పైపులకి తగిలీ తగలనట్టు వెళుతోంది. పెద్దమేస్త్రి రెండు వేళ్ళ మధ్య టీ గ్లాసు డాక్టరు కళ్ళ ముందు వణికింది. ఆయనది చెయ్యి. ఇది మెడ పక్కన.

నాలుగో రేకు పెట్టి చెల్లెలు తల తిప్పి అన్న వైపు చూసింది. పనిలో పడి కూడా అతని బుగ్గ సంగతే ఆలోచిస్తోందని ఆ చూపులోనే తెలిసిపోతోంది. "మాత్ర వేసుకో" అని పెదాలు కదిపింది. అరచేతులు బటన్ల మీదికి వెళుతున్నాయి.

డాక్టరు ఇంక ఆగలేకపోయాడు. ఎవరి హెల్మెట్టో దొర్లిపడింది, ఎవరి కాలో తొక్కాడు. వెళ్ళి ప్రెస్సుని ఆపే ఎర్ర బటన్ మీద పిడికిలితో గుద్దాడు. పంపు గుటకేసినట్టు ఆగిపోయింది.

ఇన్‌చార్జి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? ఎక్కడ కారుతోంది?"

"ఎక్కడా కారడం లేదు సార్."

"మరి?"

"ఒక పైపు చెడింది. ఏదో నాకు తెలియదు."

అనేశాడు. ఆ మాట అనడం పన్ను పీకించుకోవడం కంటే కష్టమైంది. ఇన్‌చార్జి అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇందాక మార్చారుగా?"

"మంచిదాన్ని మార్చాను."

"పుస్తకంలో..."

"ఆ టిక్కులు నావే సార్. చూడకుండా పెట్టినవి కావు. చూసి, చెడిందని తెలిసి, పెట్టాను. గుర్తుకి ఎర్ర గుడ్డ కట్టుకున్నాను. దానర్థం ఎవరికీ చెప్పలేదు. రంగులప్పుడు గుడ్డ పోయింది. ఇప్పుడు ఏ పైపో నాకు గుర్తు రావడం లేదు." వాచిన బుగ్గతో మాటలు ముద్దముద్దగా వస్తున్నా ఒక్కటి కూడా మింగలేదు. కళ్ళ వెంట నీళ్ళు మాత్రం ఆగలేదు. "ఒత్తిడి దించేయించండి. పదిహేనూ గీకి చూస్తాను. చెల్లిని అక్కడి నుంచి తప్పించండి ముందు."

"ఎర్ర గుడ్డా?" అంది చెల్లెలు. "తెల్ల చుక్కలదా?"

అందరూ అటు తిరిగారు.

"మన చిన్నప్పటి దుప్పటి పీలికే కదా అన్నయ్యా? చూడగానే గుర్తుపట్టాను. వదిన పాడుచేసేసిందే అని మనసు చివుక్కుమంది కూడా. ఇదిగో, ఇక్కడుండేది." ఆవిడ చెయ్యి పూర్తిగా చాచాల్సిన అవసరం కూడా రాలేదు. మోచెయ్యి కాస్త వంచితే వేలు పైపుకి చేరింది. ఎడమ వైపు మూడోది. "పొద్దున్న అదే అడగబోయాను, మొన్న నువ్విక్కడ కట్టిన గుడ్డేదీ అని. నా మీద గయ్యిమని లేచావు."

"కాదు, కుడి వైపు..." అన్నాడు డాక్టరు నీరసంగా.

"మొన్న నువ్వు యంత్రం వెనక నుంచి కదా చూశావు? వెనక నుంచి చూస్తే ఇదే కుడి."

ఒత్తిడి దించారు. గేజి ముల్లు సున్నాకి వచ్చింది. పైపు విప్పి బల్ల మీద పెట్టగానే పెయింటరు తన లప్పం బద్ద తెచ్చాడు. ఎవరూ అడగలేదు, తనే గీకడం మొదలుపెట్టాడు. నీలం పొర రాలింది. లప్పం పెళ్ళలుగా ఊడింది. ఒకచోట లప్పం ఊడకుండా ముద్దలా బద్దకి అంటుకుంది, నూనెతో తడిసిపోయి ఉంది. దాని కింద తీగలు. డాక్టరు చూసి వెళ్ళినప్పుడు మెరుస్తూ కనిపించింది ఒక్కటే. ఇప్పుడు నాలుగు తెగి, కొనలు పైకి లేచి నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నూనె బొట్టు ఒకటి ఊరి, మెల్లగా జారింది.

పెయింటరు చేతిలోంచి బద్ద జారిపోయింది. పెళ్ళాం వంక చూశాడు, పైపు వంక చూశాడు, అక్కడే నేల మీద కూలబడ్డాడు. "నేనే కదా కప్పెట్టాను బావా" అన్నాడు.

"నీకు చెప్పనిది నేను" అన్నాడు డాక్టరు.

డాక్టరు ఆ పైపుని ప్రెస్సు దగ్గరికి తీసుకెళ్ళి, ఉండాల్సిన చోట పట్టుకున్నాడు. చెల్లెలు ఎందుకో అర్థం కాక తన చోట తను నిలబడింది. డాక్టరు బొటనవేలు తెగిన తీగల మీద పెట్టి చెయ్యి విప్పాడు. చిటికెన వేలు ఆవిడ చొక్కా కాలరు అంచుకి తగిలింది. జానెడు. అతను చెయ్యి తియ్యలేకపోయాడు.

చెల్లెలు ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏడవలేదు, తిట్టలేదు.

"గుడ్డంటే ఇదీ అర్థమని నాకొక్కదానికి చెబితే నీ డాక్టరుగిరీ పోయేదా అన్నయ్యా? దాని పక్కన నిలబడేది నేను."

డాక్టరు తల వంచుకున్నాడు. పసుపు హెల్మెట్లు ఆ నాలుగు తీగల చుట్టూ మూగి, ఇందాక తొట్టెల్ని చూసిన దానికంటే శ్రద్ధగా చూస్తున్నాయి. షెడ్డులో అవతలి వైపు మిగతా ప్రెస్సులు మామూలుగా నడుస్తున్నాయి. ఇంతసేపూ వాటి చప్పుడు ఎవరి చెవికీ ఎక్కలేదు.

చెల్లెలికి ఎక్కింది. అటు చూసి, మళ్ళీ అన్న వైపు తిరిగింది.

"ఇంకా ఎన్ని గుడ్డలున్నాయి?"

డాక్టరు తలెత్తాడు. ఆరో నంబరుకి ఒకటి, తొమ్మిదో నంబరుకి ఒకటి. అవి అంత ముదరలేదు, నిదానంగా మార్చొచ్చు అని నోటిదాకా వచ్చింది. నాలుగో నంబరు పైపు కూడా ఇంకో పది దెబ్బలకి ఆగుతుందనే ఇందాక అనుకున్నట్టు గుర్తొచ్చింది. ఆరో నంబరు ప్రెస్సు ధనామని దిగి లేచింది. దాని ముందు ఎవరో ఒకావిడ నిలబడి ఉంది. ఎవరి చెల్లెలో.

డాక్టరు పరిగెత్తాడు. వాచిన బుగ్గ పట్టుకుని, పరిగెడుతూనే, ఎర్ర గుడ్డ అంటే ఏమిటో షెడ్డంతటికీ వినిపించేలా అరుస్తూ పరిగెత్తాడు.